సుర్మా భరిణెలో సీసము

న్యూజిలాండులోని డునెడిన్ నగరమున 1972-73లో జన్మించిన పిల్లలకు 11వ యేట రక్తములో సీసమెంత గలదో పరీక్షించిరి. వారికి 38 ఏండ్లు వచ్చుసరికి, బాల్యమున సీసము అధికముగా సోకినవారిలో మానసిక రుగ్మతల లక్షణములు హెచ్చుగా కానవచ్చినవి. కాల్షియమువలె నటించి సీసము మెదడున జొరబడును. ఎముకలలో దశాబ్దములు దాగియుండును.

మన దేశమున సీసపు పెట్రోలు 2000లో పోయినది. సుర్మా మాటేమి? బజారు సుర్మాలు పెక్కింట సీసపు సల్ఫైడు ఉన్నట్లు పరీక్షలలో తేలినది. కన్నులు నులుముకొన్న చేతినే పసివాడు నోట బెట్టుకొనును. సున్నతు పేరెత్తి ఈ సరకును సమర్థించువారితో మేము ఏకీభవింపజాలము. అంగడివాని పొడికి ఆ పేరు చెల్లదు.

మన ప్రయోగశాలలో నత్రికామ్లము, పొటాషియం అయొడైడు కలవు. విద్యార్థులు ఇంటి సుర్మా తెచ్చి పరీక్షించుటకు కమిటీవారు ఒక్క మధ్యాహ్నము అనుమతింపవలెనని కోరుచున్నాము. పసుపుపచ్చని అవక్షేపము కనబడిన భరిణె మరల ఇల్లు చేరరాదు.