బరువు అడగని దానం

క్రిస్మస్ దగ్గర పడితే మన సంఘాల్లో వీల్‌చెయిర్ల పంపిణీ మొదలవుతుంది. బెంగళూరైనా, బరంపురమైనా, షోలాపూరైనా, యానామైనా తీరు ఒక్కటే. ఫ్లెక్సీ కడతారు, పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, దాతకు శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు. ఈమధ్య కొన్నిచోట్ల చేత్తో తిప్పే కుర్చీల బదులు బ్యాటరీ కుర్చీలు ఇస్తున్నారు. సంతోషమే. కానీ అందులో కూర్చోబోయే మనిషి బరువెంతో అడిగేవారు లేరు. ఆ కుర్చీ ఎంత బరువు మోస్తుందో కనుక్కునేవారూ లేరు. పది మందికి పది కుర్చీలు, అన్నీ ఒకే సైజు. దీన్ని మనం పరిచర్య అంటున్నాం. నేను అన్యాయం అంటాను.

బ్యాటరీ కుర్చీ మీద "గరిష్ఠ బరువు 100 కిలోలు" అని ఉంటే అది కంపెనీవాడు ఉజ్జాయింపుగా వేసిన అంకె అనుకోకండి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7176 ప్రకారం పరీక్షించిన కుర్చీ అయితే, అంత బరువున్న బొమ్మను కూర్చోబెట్టి, గతుకులున్న డ్రమ్ముల మీద రెండు లక్షల చుట్లు తిప్పుతారు. తర్వాత ఐదు సెంటీమీటర్ల ఎత్తు నుంచి 6,666 సార్లు కింద పడేస్తారు. విరగకపోతేనే ఆ అంకె వేసుకునే హక్కు. అందులో 115 కిలోల మనిషిని కూర్చోబెడితే మొదటి రోజే విరగదు. అదే అసలు మోసం. ఫొటో రోజు బాగానే నడుస్తుంది. కొన్ని నెలలకు ముందు చక్రాల బోల్టులు వదులవుతాయి, ఫ్రేము అతుకు దగ్గర చిట్లుతుంది, మోటారు వేడెక్కి నడిరోడ్డు మీద ఆగిపోతుంది, పల్లంలో బ్రేకు పట్టు తప్పుతుంది. అప్పటికి దాత ఊళ్లో ఉండడు.

పైగా మోయాల్సింది ఒంటి బరువొక్కటే కాదు. విడిగా కొన్న పరుపు, వెనక తగిలించిన సంచి, నీళ్ల సీసా, కొందరికి ఆక్సిజన్ సిలిండరు, ఒళ్లో మనవడు, మార్కెట్ నుంచి వస్తే కూరగాయలు, అన్నీ లెక్కలోకి వస్తాయి. 85 కిలోల మనిషి 100 కిలోల కుర్చీని సులువుగా అంచుకు తెస్తాడు. అన్నీ కలిపి చూసుకుని, ఆపైన కనీసం ఐదో వంతు మిగులు ఉండే కుర్చీ కొనడం క్షేమం.

ఇక మన చర్చి గుమ్మం సంగతి చూద్దాం. మూడు మెట్లు, మెట్టుకు ఆరంగుళాలు అనుకుంటే ఎత్తు 18 అంగుళాలు. ఒకటికి పన్నెండు వాలు అన్న నియమం ప్రకారం 18 అడుగుల ర్యాంపు కావాలి. మనం ఆరడుగుల చెక్క బల్ల వేసి చేతులు దులుపుకుంటాం. కుర్చీ 50 కిలోలు, మనిషి 110 కిలోలు అయితే, సరైన ర్యాంపు మీద వెనక్కి లాగే బరువు 13 కిలోల చిల్లర. మన బల్ల మీద అది 40 కిలోలు. వాలు 14 డిగ్రీలు దాటుతుంది. ఎన్ని డిగ్రీల వాలు ఎక్కగలదో కుర్చీ పుస్తకంలో వేరే రాసి ఉంటుంది. మనం చూడం. కుర్చీ వెనక్కి తిరగబడితే "జాగ్రత్తగా నడపాలమ్మా" అని ఆమెనే అంటాం.

"ఏమీ లేనిదానికన్నా ఏదో ఒకటి మేలు కదా" అని కమిటీలో ఒకరు తప్పకుండా అంటారు. మేలు కాదు. సీటు ఇరుకైతే తుంటి రెండు పక్కలా ఒరుసుకుని పుండ్లు పడతాయి. వెన్నుపూస దెబ్బతిన్నవారికి ఆ నొప్పి తెలియదు, పుండు ఎముక దాకా పోయాకే తెలుస్తుంది. పుండు పడినవాళ్లు నెలల తరబడి మంచానికే అంటుకుపోతారు. కుర్చీ లేని రోజుల కన్నా ఇది ఘోరం.

"మరైతే అందరికీ పెద్ద కుర్చీయే కొందాం" అనేవారు ఇంకొకరు. అదీ తప్పే. ఎక్కువ బరువు మోసే కుర్చీ తానే బరువుగా, వెడల్పుగా ఉంటుంది. ఒంటిగది ఇళ్లలో, కాలనీ సందుల్లో అది గుమ్మం దాటదు, ఆటోలో ఎక్కదు. సన్నటి మనిషి వెడల్పు సీటులో ఒక పక్కకు ఒరిగిపోతుంది. కాబట్టి మనిషినీ కొలవాలి, ఇంటి గుమ్మాన్నీ కొలవాలి.

నిలబడలేని మనిషిని తూచడమెలా అంటారా? మన పేటల్లో బియ్యం బస్తాలు తూచే కాటా లేని చోటుందా? మామూలు చక్రాల కుర్చీతో సహా కాటా ఎక్కించి, తర్వాత ఖాళీ కుర్చీ తూచి తీసేయండి. ఐదు నిమిషాల పని. నలుగురి ముందు కాకుండా, తలుపు వేసి, ఆమె ఒప్పుకున్నాక చేయండి. ఎందుకంటే మన వేదికల మీద లావుపాటి ఒంటిని తిండిపోతుతనానికి గుర్తుగా ఎగతాళి చేసే ప్రసంగాలు తక్కువేం లేవు. కదలలేని ఒళ్లు బరువెక్కుతుంది. కొన్ని మందులతోనూ ఎక్కుతుంది. ఆ సిగ్గు మనం పెట్టిందే. అందుకే అడగడానికి మనకు మొహమాటం, చెప్పడానికి ఆమెకు భయం. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం చెబుతుంది. త్రాసే ఎత్తకుండా కొలిచినట్టు నటించడం అంతకన్నా మెరుగా?

సౌలు రాజు తన యుద్ధకవచం దావీదుకు తొడిగించాడు. చవక సరుకేం కాదు, రాజుగారిది. అది తనకు అలవాటు లేదని దావీదు విప్పేశాడు. మన దగ్గర కుర్చీ అందుకునే తల్లికి "అయ్యా, ఇది నాకు పట్టదు" అనే చనువు ఇచ్చామా? అంటే కృతజ్ఞత లేదంటాం. కుర్చీ మీది బరువు అంకె ఇంగ్లీషులో ఉంటుంది, అమ్మేవాడు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మాట్లాడతాడు, ఆమెకు తెలుగే వచ్చు. ఆ పక్కన నిలబడి చదివి చెప్పడం సంఘం పని.

ఇది దయాధర్మం విషయం కూడా కాదు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007లోనే ఆమోదించింది. అందులో 20వ అధికరణం స్వతంత్రంగా తిరగగలగడాన్ని హక్కుగా చూస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ఉపకరణాలిచ్చే అడిప్ పథకం 1981 నుంచి ఉంది. అది కేంద్రానిది, కాబట్టి పొరుగు రాష్ట్రంలో స్థిరపడ్డ తెలుగువారమన్న బెరుకు అక్కర్లేదు. యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది. అదే సర్కారు 2017లో వీల్‌చెయిర్ల మీద 5 శాతం జీఎస్టీ కూడా వేసింది. నడవలేనివారి నడక మీద పన్ను! దీని మీద మన సంఘాలు ఒక్క అర్జీ అయినా పెట్టాయా?

వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో నడుము కింద చచ్చుబడ్డాక, వీల్‌చెయిర్‌లో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. కుర్చీ సరిగ్గా అమరితే మనిషి ఎంత పని చేయగలదో మన ముంగిట్లోనే సాక్ష్యం ఉంది.

ఈ ఏడాది మన కమిటీలు ఇలా చేయాలి. కొనేముందు ప్రతి ఒక్కరి బరువు, తుంటి వెడల్పు, ఇంటి గుమ్మం కొలత, వెళ్లే దారి వాలు రాసుకోవాలి. "ఇన్ని కిలోలు మోస్తుంది, ఇన్నేళ్లు గ్యారంటీ" అని దుకాణదారు చేత బిల్లు మీద రాయించాలి. ఆమెను కూర్చోబెట్టి, నడిపించి చూశాకే డబ్బు కట్టాలి. బ్యాటరీ రెండేళ్లకు నీరసించినప్పటికి కొంత సొమ్ము పక్కన ఉంచాలి. డబ్బు చాలకపోతే పది తప్పు కుర్చీల బదులు నాలుగు సరైనవి ఇచ్చి, మిగతా ఆరుగురి కోసం అడిప్ అర్జీలు మనమే నింపాలి. ఫ్లెక్సీ ఖర్చు ర్యాంపులో పోయాలి.

ఒకరి భారం ఒకరు మోయమని పౌలు గలతీయులకు రాశాడు. ఆ భారమెంతో కిలోల్లో కనుక్కోవడంతోనే మోత మొదలవుతుంది.