పురుడు పోసే చేయే పాఠం చెప్పాలి

టీచరమ్మ నడుముకు ఒక సంచీ కట్టుకుని మంచం మీద కూర్చుంటుంది. సంచీలో బొమ్మ పాపాయి, మాయ, ఎర్రనీళ్ల తిత్తి ఉంటాయి. కాన్పు నేర్పడానికి చాలా దేశాల్లో వాడే ఈ సంచీ పేరు మామా నటాలీ. నొప్పులు పడేదీ టీచరే, మూలిగేదీ టీచరే. బిడ్డ బయటికొస్తుంది, క్లాసంతా నవ్వుతుంది. అంతలో కింద పరిచిన గుడ్డ ఎర్రబడుతుంది. విద్యార్థిని గర్భసంచిని చేత్తో మర్దన చేయాలి, ఆక్సిటోసిన్ ఇవ్వాలి, ఆ తొందరలోనూ తల్లికి ధైర్యం చెప్పాలి. సరిగ్గా చేస్తే టీచరు లోపలి నుంచి గర్భసంచిని గట్టిపరిచి రక్తం ఆపుతుంది. తడబడితే ఆపదు. ఎప్పుడు ఆపాలో ఆమెకు తెలియాలంటే, నిజం కాన్పులో నిజం రక్తం చూసి ఉండాలి.

పేద దేశాల మిడ్‌వైఫరీ టీచర్ల పక్షాన నిలిచేవారి ప్రణాళిక ఇక్కడే మొదలవుతుంది.

2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2,60,000 మంది స్త్రీలు గర్భంతోనో, కాన్పులోనో, బాలింతలుగానో చనిపోయారు. వారిలో నూటికి 90 మందికి పైగా పేద, దిగువ మధ్యాదాయ దేశాలవారే. ప్రపంచానికి ఇంకా 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌లు కావాలని 2021 నాటి అంతర్జాతీయ నివేదిక లెక్కగట్టింది. ఈ అంకె చూడగానే ప్రభుత్వాలకు తోచేది సీట్లు పెంచడం. సీట్లకు ఒక జీవో చాలు. టీచరు తయారవడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఈ పక్షం మొదటి కోరిక: కొత్త స్కూలు తెరిచేముందు అందులో పాఠం చెప్పేదెవరో చూపించాలి.

రెండోది అసలైనది. టీచరు లేబర్ రూమ్ వదలకూడదు. అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య ప్రమాణాల ప్రకారం చదువులో కనీసం సగం ప్రాక్టికల్ ఉండాలి. టీచరుకు బోధనలో శిక్షణతోపాటు ఆ వృత్తిలో పనిచేసిన అనుభవమూ ఉండాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ టీచరు పోస్టు ఒక శాఖలో, ఆస్పత్రి వార్డు ఇంకో శాఖలో ఉన్నచోట ఆమె కాన్పు చేయబోతే అక్కడ ఆమె బయటి మనిషి. అందుకని వారంలో ఒక రోజు వార్డు డ్యూటీని టీచరు ఉద్యోగంలో భాగంగానే రాయాలి, సొంత ఓపికకు వదిలేయకూడదు. వార్డులో విద్యార్థినుల చేయి పట్టుకుని నేర్పే సీనియర్లనూ టీచర్లుగానే లెక్కించి భత్యం ఇవ్వాలని ఈ పక్షం అడుగుతోంది.

మిడ్‌వైఫరీని మిడ్‌వైఫే బోధించాలన్నది మరో నియమం. బంగ్లాదేశ్ ఈ చిక్కును ముందుగానే ఎదుర్కొంది. 2013లో అక్కడ మూడేళ్ల మిడ్‌వైఫరీ డిప్లొమా మొదలైంది. అప్పటిదాకా దేశంలో ప్రత్యేకంగా మిడ్‌వైఫ్ అనే వృత్తే లేదు కాబట్టి పాఠాలు నర్సింగ్ టీచర్లే చెప్పాల్సి వచ్చింది. వాళ్లకోసం స్వీడన్‌లోని డాలర్నా విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో మాస్టర్స్ కోర్సు నడిపింది. టీచర్లు దేశం దాటలేదు, క్లాసులు ఆగలేదు. విదేశీ నిపుణులు రెండు వారాలు వచ్చి, సర్టిఫికెట్లు పంచి, ఫొటోలు దిగి వెళ్లే పద్ధతికన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. సాయం చేసే సంస్థలు ఏళ్లతరబడి ఉండాలి, వెళ్లేనాటికి స్థానిక టీచర్లను నిలబెట్టి వెళ్లాలి.

అఫ్గానిస్థాన్ ఇంకో సంగతి చెబుతుంది. 2002లో ఆ దేశం మొత్తంలో 467 మంది మిడ్‌వైఫ్‌లు ఉన్నారని అంచనా. ఊళ్ల నుంచే అమ్మాయిలను ఎంచి, శిక్షణిచ్చి, తిరిగి ఆ ఊళ్లకే పంపడంతో తర్వాతి ఏళ్లలో ఆ సంఖ్య వేలకు చేరింది. 2024 డిసెంబరులో తాలిబన్ పాలకులు ఆడవాళ్లకు వైద్య విద్యను నిషేధించారు, మిడ్‌వైఫరీతో సహా. మగ వైద్యుడి దగ్గరికి ఆడది వెళ్లడమే కష్టమైన చోట! అక్కడి టీచర్లకు జరిగిన అన్యాయాన్ని ఈ పక్షం తనదిగా భావిస్తుంది.

మన దగ్గర ఆలస్యమైనా మొదలైంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. మిడ్‌వైఫరీ సేవలపై కేంద్రం మార్గదర్శకాలు 2018లో వచ్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే; మామూలు కాన్పు చేయగల చేతుల అవసరం అక్కడే కనిపిస్తుంది. మిడ్‌వైఫ్‌ను మంత్రసాని అనగానే మనకు పాతకాలపు ముసలమ్మ గుర్తొస్తుంది. ఈ టీచర్లు తయారుచేసేది చదువుకున్న, లైసెన్సున్న మనిషిని. అయినా నొప్పులు పడే పిల్ల పక్కన రాత్రంతా నడుం రాస్తూ కూర్చున్న ఆ ముసలమ్మ ఓపిక సిలబస్‌లో ఉండాల్సిందే.

ఇక జీతం, ప్రమోషన్. డిగ్రీ తర్వాత పై చదువుకు దారి, ఆ చదువుకు తగిన హోదా లేకపోతే మంచి టీచరు గల్ఫ్‌కో, బ్రిటన్‌కో నర్సుగా వెళ్లిపోతుంది. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఈ మాటలు సబబనిపించినవారు తమ జిల్లాలోని నర్సింగ్ స్కూలుకు వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ కాన్పుల పాఠం చెప్పే టీచరు చివరిసారి పురుడు పోసిందెప్పుడు?