బంతి రాకపోయినా ఎగరండి

అనకాపల్లిలో సాయంత్రం పూట వాలీబాల్ ఆడే చోట కాసేపు నిలబడి చూడండి. జట్టులో అందరికంటే పొడుగ్గా ఉన్న కుర్రాణ్ని నెట్ మధ్యలో నిలబెడతారు. ‘నువ్వు బ్లాక్ చూసుకోరా, బాల్ పైకొస్తే కొట్టు’ అంటారు. అక్కడితో వాడి శిక్షణ అయిపోయినట్టే. బంతి మాత్రం ప్రతిసారీ ఎడమ చివరకి, కొబ్బరిచెట్టంత ఎత్తున వెళ్తుంది. మధ్యలో ఉన్నవాడు చూస్తూ ఉంటాడు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఆశ పెట్టుకుని కూడా మీరు ఇలాగే ఆడుతుంటే ట్రయల్స్‌లో దెబ్బతింటారు.

రైల్వే స్పోర్ట్స్ కోటా లెక్క చూడండి. మొత్తం 100 మార్కులు. ఆటలో సాధించిన విజయాలకు 50, చదువుకు 10, ట్రయల్స్‌లో ఆట, ఫిట్‌నెస్, కోచ్ పరిశీలనకు 40. ఆ 40లో 25 రాకపోతే ఫిట్ కానట్టే, చేతిలో ఎన్ని సర్టిఫికెట్లున్నా ముందుకు పోనివ్వరు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటా 2 నుంచి 3 శాతానికి పెరిగిందని అందరం సంతోషించాం. మంచిదే. పోటీకి వచ్చేవాళ్లు కూడా పెరుగుతారు కదా!

సెంటర్ ఆటగాడి దాడికి ప్రాణం టైమింగ్. చివర్లో కొట్టేవాడు బంతి లేచాక చూసుకుని పరుగెత్తుతాడు. మీకు ఆ తీరిక లేదు. సెట్టర్, అదే మనవాళ్లు లిఫ్టర్ అనేవాడు, బంతిని ముట్టుకునే సరికే మీరు గాల్లో ఉండాలి. మోచెయ్యి పైన, అరచెయ్యి సిద్ధంగా. చెయ్యి వెనక్కి బారుగా లాగి కొట్టే టైం ఉండదు. పొట్టి ఊపు, చివర్లో మణికట్టు విరుపు, అంతే. బంతి తలమీదకి కాకుండా కొట్టే భుజం ముందుండాలి. అప్పుడే బ్లాకర్ చేతుల్ని చూసి ఎడమకో కుడికో తిప్పగలరు.

సెట్టర్‌కి ముందు, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో కొడితే ఏ క్విక్. ముందువైపే కాస్త దూరంగా, రెండు మీటర్ల దగ్గర కొడితే బి. సెట్టర్ వెనక దగ్గరగా అయితే సి. సెట్టర్ వెనకగా నెట్ పక్కన పరుగెత్తి ఒంటికాలి మీద లేచేది స్లయిడ్. అమ్మాయిల ఆటలో ఇది మంచి ఆయుధం, మన దగ్గర నేర్పేవాళ్లే తక్కువ. ఇవన్నీ ఒకేసారి వద్దు. నెలరోజులు ఏ ఒక్కటే చెయ్యండి. స్నేహితుణ్ని బెంచీ ఎక్కించి, నెట్ పైన బంతి పట్టుకోమని, దాన్ని అతని చేతుల్లోంచే కొట్టండి. తర్వాత అతను చిన్నగా వదులుతాడు. ఆ తర్వాతే సెట్టర్ దగ్గరకి.

‘మా టీంలో రిసీవింగే సరిగా రాదు, ఇంక క్విక్ ఎక్కడ ఆడతాం?’ అంటారు. సగం నిజమే. పాస్ మరీ చెడితే క్విక్ కుదరదు. కానీ ఒక మీటరు అటూ ఇటూ పడ్డ పాస్‌కే వదిలేసుకుంటున్నారు. మీ పరుగు నెట్‌ని కాదు, సెట్టర్‌ని చూసి ఉండాలి. అతనెక్కడికి కదిలితే మీ దూరం అక్కణ్నుంచే.

ఎత్తు తక్కువనే బెంగ కూడా పక్కన పెట్టండి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జపాన్ పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది ఈ క్విక్‌లూ వాటి కాంబినేషన్లతోనే. మనవాళ్లు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చారు. ఆ జట్టులో ఉన్న పి.వి.రమణ, అదే మన సింధు నాన్నగారు, రైల్వే ఉద్యోగి. 2.43 మీటర్ల నెట్ మీద ఒక అర సెకను ముందు లేచినవాడికి ఎదుటివాడి ఎత్తు అంతగా అడ్డురాదు.

అన్నిటికంటే నిర్లక్ష్యం చేసేది ఇంకోటుంది. బంతి మీకు రాని ర్యాలీలే ఎక్కువ. అయినా ప్రతిసారీ కొట్టబోతున్నట్టే పూర్తిగా ఎగరాలి. అప్పుడే ఎదుటి సెంటర్ బ్లాకర్ మీతోపాటు లేస్తాడు, చివర్లో మీవాడికి ఒక్క బ్లాకరే మిగులుతాడు. ఆ పాయింట్ స్కోరుబోర్డులో మీ పేరు మీద పడదు. ఆట తెలిసిన కోచ్‌కి మాత్రం కనపడుతుంది. బద్ధకంగా రెండడుగులు వేసి ఆగిపోయినా అంతే కనపడుతుంది. బ్లాక్ చేసి దిగగానే నెట్ దగ్గరే నిలబడిపోకండి. బంతి వైపు తిరిగి, మూడు మీటర్ల గీత దాకా వెనక్కొచ్చి, మళ్లీ దాడికి రండి. లిబెరో మీ బదులు వెనక ఆడతాడు కాబట్టి మీకు దొరికేవి ముందు వరసలోని మూడు రొటేషన్లే. అందులోనూ అలసిపోయామంటే కుదరదు.

ట్రయల్స్‌లో ఇంకో చిక్కుంది. మీకు బంతి ఇచ్చేది మీ ఊరి సెట్టర్ కాదు, ముక్కూ మొహం తెలియని కుర్రాడు. అతను కూడా అదే ఉద్యోగం కోసం టెన్షన్‌లో ఉంటాడు. వార్మప్‌లోనే వెళ్లి పలకరించండి. ‘అన్నా, నాకు ఏ బాల్, కొంచెం ఎత్తుగా ఇవ్వు, నేను ముందే లేస్తా’ అని చెప్పి, రెండు బంతులు ఇప్పించుకుని కొట్టి చూపించండి.