ఖాళీ సీసాలు కొనేవాళ్ళకో దండం

ఖాళీ సీసాని డబ్బులిచ్చి కొని, దానికి రంగేసి, తోటలో పెట్టి, "పర్యావరణానికి నా వంతు సేవ చేశాను" అనుకునేవాళ్ళని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు. ఆన్‌లైన్‌ దుకాణాల్లో "క్రాఫ్ట్ పనులకి" అని ఖాళీ గాజు సీసాలు డజన్ల లెక్కన దొరుకుతున్నాయి. చెత్త తగ్గించడానికి చెత్తని ఆర్డరిచ్చి ఇంటికి తెప్పించుకోవడం అన్నమాట. పైగా అట్టపెట్టె, దాంట్లో బుడగల ప్లాస్టిక్కు, తెచ్చిచ్చే కుర్రాడి బండికి పెట్రోలు అదనం.

ముందే చెప్పేస్తున్నా, నేను సీసా తోటలకి వ్యతిరేకిని కాదు. సీసాలతో మడి చుట్టూ అంచు కట్టడం మంచి పనే. చవక, ఎండకి వెలిసిపోదు, చెద పట్టదు. నా గొడవల్లా ఒక్కటే. తోట అనేది సీసాకి ఆఖరి ఉద్యోగం కావాలి గానీ మొదటిది కాకూడదు. ఆ ఆఖరి ఉద్యోగానికి మన జేబులోంచి పైసా ఖర్చు కాకూడదు.

అసలు సీసాని మళ్ళీ వాడుకోవడం మనకి ఎవరో వీడియోలో నేర్పాలా? క్వార్టర్ సీసా మూతకి బెజ్జం పెట్టి, వత్తి దూర్చి, కిరసనాయిలు పోస్తే బుడ్డి దీపం. కరెంటు లేని రోజుల్లో ఎన్ని ఇళ్ళలో చదువులు ఆ వెలుతురులో సాగాయో! గోలీసోడా సంగతి గుర్తుందా? సోడా తాగడం పూర్తయ్యేదాకా బండివాడి కన్ను మన చేతిలోని సీసా మీదే ఉండేది. వాడి దగ్గర పర్యావరణ ప్రణాళికేం లేదు. సీసా పోతే వాడి పెట్టుబడి పోయినట్టే, అంతే. పనికిరాకుండా పగిలిపోయిన సీసాలు ప్రహరీ గోడమీద సిమెంటులో గాజుపెంకులై దొంగలకి కాపలా కాసేవి. మా వైపు తోటల్లో సీసాకి దొరికిన మొదటి అలంకారపు కొలువు అదేనేమో :)

ఇప్పుడు ఆ గొలుసు తెగిపోయింది. తెగిన గొలుసుని అతికించడం మానేసి, తెగిన ముక్కలకి రంగులేసి మురిసిపోతున్నాం. మా వృత్తిలో దీనికో పేరుంది. బగ్‌ని సరిచెయ్యడం చేతకాకపోతే దాన్ని ఫీచర్ అని డాక్యుమెంట్‌లో రాసేస్తాం. రంగేసిన బీరు సీసా సరిగ్గా అలాంటి ఫీచరే.

బీరు సీసా అనే ఎందుకన్నానంటే, మన దేశంలో బీరు సీసాకి ఇంకా ఆ గొలుసు కొంత మిగిలే ఉంది. పాత సామాన్లవాడు దాన్ని కొంటాడు. అది చేతులు మారి, కడిగించుకుని, మళ్ళీ నింపుకోవడానికి కంపెనీకి వెళ్తుంది. కొత్త సీసా కావాలంటే ఇసుక, సోడా యాష్, సున్నపురాయి కలిపి కొలిమిలో సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించాలి. పాత గాజు ముక్కలు కలిపి కరిగిస్తే ఇంధనం కొంత మిగుల్తుంది కానీ కరిగించడం మాత్రం తప్పదు. కడిగి నింపడానికి ఆ కొలిమే అక్కర్లేదు. అంటే మీరు ఒక మంచి బీరు సీసాని తోటలో పాతేస్తే, ఎక్కడో దాని బదులు ఇంకోటి పుట్టాలి. అందం మీ ఇంట్లో, పొగ ఇంకెవరి ఊళ్ళోనో.

మరి ఏ సీసా పాతాలి? ఎవరూ తీసుకోనిది. కర్నూలు వీధుల్లో పాత సామాన్లవాణ్ణి ఆపి అడగండి. "బీరుసీసాలైతే ఎయ్యన్నా, కోటరు సీసాలు నాకొద్దు" అంటాడు. ఈ విషయంలో వాడు మనందరికన్నా పెద్ద ఇంజనీరు. వాడు వద్దన్నవే తోటకి అర్హత ఉన్నవి. క్వార్టర్లు, వింత ఆకారాల విదేశీ సీసాలు, సాస్ సీసాలు, మందు సీసాలు, అంచు చిట్లినవి.

ఇక ఓర్వకల్లు సంగతికొద్దాం. కర్నూలు నుంచి నంద్యాల దారిలో ఇరవై కిలోమీటర్లు పైచిలుకు దూరం. 2021 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక ఊరి పేరు బయటివాళ్ళకీ తెలిసింది గానీ, అంతకుముందు నుంచే అక్కడి రాక్ గార్డెన్‌కి జనం వస్తూనే ఉన్నారు. ఎన్ని యుగాల గాలికీ వానకీ అరిగాయో తెలీని రాళ్ళు, మధ్యలో నీళ్ళు. ఆ రాళ్ళలోని పలుగురాయిలో ఉండేది సిలికా. గాజుకి అసలు ముడిసరుకూ సిలికానే. అంటే ఆ రాయీ మీ చేతిలో సీసా దాయాదులే. తేడా అల్లా, ఆ రాతిని చెక్కడానికి ప్రకృతికి పట్టిన కాలం ఎంతో మనం లెక్కపెట్టలేం. సీసాని ఖాళీ చేసి గుట్టమీద పగలగొట్టడానికి మనవాడికి పట్టేది అరగంట.

నిజమైన నష్టం అక్కడుంది. మా వైపు రోడ్డు పక్క ఏ గుట్టెక్కినా, ఏ చెట్టు కింద కూర్చున్నా ముందు కింద చూసుకోవాలి. సాయంత్రం పూట తాగి విసిరేసిన సీసా మర్నాడు గొర్రెలు తోలుకెళ్ళే పిల్లాడి కాల్లో దిగుతుంది. గొర్రె గిట్టల మధ్య ఇరుక్కుంటుంది. వాన పడ్డాక దుక్కి దున్నేవాడికి చాళ్ళలో తేలుతుంది. గాజు కుళ్ళదు, చివకదు, దాని పదును అంత తేలిగ్గా చావదు. సీసా చెత్త అంటే ఇది. ఈ చెత్తని ఒక్కటి కూడా ఏరకుండా, కొన్న సీసాకి జనపనార తాడు చుట్టి ఫొటో పెట్టేవాళ్ళు పర్యావరణం గురించి మాట్లాడితే ఒళ్ళు మండదా మరి?

రాక్ గార్డెన్ అంటే దేశంలో చాలామందికి గుర్తొచ్చేది చండీగఢ్. అక్కడి కథ వేరు. నేక్‌చంద్ అనే ఆయన ప్రభుత్వ శాఖలో రోడ్డు ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కోసం పడగొట్టిన ఊళ్ళ శిథిలాల్లోంచి పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, రాళ్ళు సైకిల్ మీద మోసుకొచ్చి, 1957 నుంచి అడవిలో ఎవరికీ తెలీకుండా బొమ్మలు చేస్తూ పోయాడు. 1975లో అధికారుల కంట పడింది. చట్టప్రకారం కూలగొట్టాల్సిందే, కానీ 1976లో దాన్ని జనానికి తెరిచారు. 1984లో ఆయనకి పద్మశ్రీ కూడా వచ్చింది. నేను చెప్పదల్చుకున్నది ఆయన కళ గురించి కాదు. ఆయన ముందు ఏరాడు, తర్వాత అతికాడు. చెత్తతో చేసే ఏ పనికైనా వరస అదే. మనవాళ్ళు ఏరడం అనే మొదటి మెట్టు వదిలేసి నేరుగా రెండో మెట్టు మీదకి దూకుతున్నారు.

"సరేనయ్యా, విమర్శ బానే ఉంది, చెయ్యడం ఎలాగో చెప్పు" అంటారా? చెప్తా, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు.

సీసాల్ని వంటసోడా కలిపిన నీళ్ళలో ఒక రాత్రి నానబెడితే చాలావరకు లేబుళ్ళు వాటంతట అవే వదుల్తాయి. తర్వాత మడి చుట్టూ జానెడు లోతు గాడి తీసి, సీసాల్ని మూతి కిందికి పెట్టి, సగం దాకా పాతి, మట్టి దట్టించి తొక్కాలి. మూతి కిందికే ఎందుకంటే, పైకి పెడితే వాననీళ్ళు నిలిచి దోమలు పెరుగుతాయి, పురుగూ బల్లీ లోపలికి జారి బయటికి రాలేక చస్తాయి. ఎర్ర గరప నేలైతే ముందురోజు తడిపి తవ్వండి, లేకపోతే గడ్డపార కూడా మొరాయిస్తుంది. నల్లరేగడైతే ఇంకో చిక్కుంది. వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిచ్చే నేల అది. ఉత్త మట్టిలో పాతితే ఏడాది తిరిగేసరికి సీసాలు తాగినవాళ్ళలాగే తూలుతుంటాయి. గాడిలో గరుకు ఇసుకో, సన్న కంకరో వేసి దట్టించండి.

లెక్క కూడా చెప్తా. 7.5 సెంటీమీటర్ల వెడల్పుండే సీసా అయితే మీటరుకి 13 పడతాయి. మీటరు వెడల్పు గుండ్రటి మడి చుట్టూ 42. ఇంత చిన్న మడికే 42! అవి కొంటే ఎంతవుతుందో, రోడ్డు పక్క ఏరితే ఎన్ని కాళ్ళు బతుకుతాయో మీరే లెక్కేసుకోండి.

ఇంకో ఉపయోగం ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది. సీసా నిండా నీళ్ళు పోసి, బొటనవేలితో మూతి మూసి, తడిపిన మట్టిలో మొక్క పక్కన తలకిందులుగా గుచ్చండి. నేల పీల్చుకున్నకొద్దీ నీళ్ళు నెమ్మదిగా దిగుతాయి. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో పచ్చగడ్డి లాన్లు వేసి ట్యాంకర్లతో తడిపేకన్నా, వేపమొక్క పక్కన తలకిందులైన సీసా నాకు వందరెట్లు అందంగా కనిపిస్తుంది. అది అలంకారం ఒక్కటే కాదు, పని కూడా చేస్తోంది.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. సీసాకి స్పిరిట్‌లో తడిపిన దారం చుట్టి, కాల్చి, చన్నీళ్ళలో ముంచి కోసే విన్యాసం. వీడియోలో సుద్దముక్కలా విరుగుతుంది. చేతిలో మాత్రం పగులు దానిష్టం వచ్చినట్టు పోతుంది, అంచు బ్లేడులా ఉంటుంది. దాన్ని పొడిగా అరగదీస్తే గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి. చవక అలంకారం కోసం వేలికి కుట్లు వేయించుకుంటే ఇక చవకెక్కడ?

ఇక అభ్యంతరాలు. "ఇంటి ముందు మందు సీసాలు వరసగా పెడితే నలుగురూ ఏమనుకుంటారు?" అని అడిగేవాళ్ళుంటారు. ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీదకి ఎందుకెళ్ళారో తెలిసిన రాష్ట్రం మనది. సీసా అంటే కొన్ని ఇళ్ళలో అలంకారం కాదు, ఇంట్లోకి రాని జీతం. అలాంటి ఇంటివాళ్ళు వద్దంటే వద్దు, మనం వాదించకూడదు. మిగతావాళ్ళు లేబులు తీసేస్తే చాలు. "సీసాలెందుకు, మా పక్కన బేతంచెర్ల బండలు చవగ్గా దొరుకుతాయి కదా" అంటే నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే వాళ్ళదే రైటు. ముక్క బండ దొరికితే అదే పాతుకోండి. తోటకి సీసా తప్పనిసరేం కాదు. రోడ్డు పక్క సీసా తియ్యడం తప్పనిసరి.

అయినా ఎంతమందిమి ఎన్ని తోటల్లో పాతినా, అమ్ముడయ్యే సీసాలకి ఏ మూలకి? అసలు మందు వేరే ఉంది. తమిళనాడులో అడవి జంతువుల కాళ్ళకి సీసా పెంకులు గుచ్చుకుంటున్నాయని కేసు నడిచి, మద్రాస్ హైకోర్టు గట్టిగా పట్టుకున్నాక, 2022లో నీలగిరి జిల్లాలో ఒక పద్ధతి మొదలెట్టారు. ప్రభుత్వ మద్యం దుకాణంలో సీసాకి 10 రూపాయలు అదనంగా తీసుకుంటారు, ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ పది తిరిగిస్తారు. తర్వాత ఇంకొన్ని జిల్లాలకీ పాకింది. ఆలోచించి చూస్తే ఇది మన గోలీసోడా బండివాడి సూత్రమే. ఏనుగు కాలికి దొరికిన న్యాయం ఓర్వకల్లులో గొర్రెల కాపరి కాలికి ఎందుకు దొరకదు? మన రాష్ట్రంలో 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, ఇప్పుడు మళ్ళీ ప్రైవేటువాళ్ళవి. ఎవరు నడిపితేనేం, పది రూపాయలు పట్టుకుని తిరిగివ్వడానికి రాకెట్ సైన్సు కావాలా?

ఓర్వకల్లు మండలం ఆడవాళ్ళ పొదుపు సంఘాలకి పేరున్న చోటు. సీసాలు వెనక్కి తీసుకునే కేంద్రం పెడితే నడపగల చేతులు అక్కడే ఉన్నాయి, రూపాయి లెక్క తప్పని చేతులు. కంపెనీకి వెళ్ళేవి వెళ్తాయి. వెళ్ళనివాటితో రాళ్ళ మధ్య కొత్తగా నాటే ప్రతి మొక్కకీ ఓ అంచు, ఓ నీటి సీసా. అప్పుడు దాన్ని సీసా తోట అని పిలుద్దాం, నేను కూడా వచ్చి పక్కన నిలబడి ఫొటో దిగుతా :)

అందాకా ఆ ఆన్‌లైన్‌ ఆర్డరు రద్దు చేసుకోండి. ఆదివారం పొద్దున్నే చేతికి మందపాటి గ్లౌజులు, కాళ్ళకి బూట్లు వేసుకుని, ఒక గోనెసంచితో మీ ఊరి గుట్టదాకా వెళ్ళి రండి. సంచి నిండకుండా వెనక్కొస్తే నన్ను తిట్టండి, పడతాను.