ఏ మురికికి ఆ మందు

పెరటి మాట – ‘రేగడి’

మార్చి నెలలో చుట్టుగుంట మీదుగా కారు అద్దాలు దించుకుని పోయేవాడు గుంటూరు మనిషి కాడని చూడగానే చెప్పేయొచ్చు. మనవాళ్ళ చెయ్యి మిర్చి యార్డు కనబడకముందే ఏసీ బటన్ల మీదికి పోతుంది. బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే బటన్ నొక్కేస్తారు. అక్కడివరకూ తెలివైనవాళ్ళమే. ఆదివారం అదే కారు శుభ్రం చేయడానికి కూర్చున్నప్పుడు మాత్రం ఫోన్లో ఎవరో చెప్పింది విని వెనిగర్లో తినేసోడా కలిపి సీట్లకు పట్టిస్తాం. నురగ భలేగా పొంగుతుంది. ఒకటి ఆమ్లం, ఇంకొకటి క్షారం. ఒకదాని బలాన్ని ఒకటి చంపేసుకున్నాక గిన్నెలో మిగిలేది కాస్త లవణం కలిసిన నీళ్ళు. విడివిడిగా వాడితే రెండూ పనికొచ్చేవే.

అసలు మన మైదానంలో ఊరు దాటితే మురికి మారిపోతుంది. గుంటూరు చుట్టూ మిరప దుమ్ము. జిన్నింగు మిల్లులున్న ప్రతిచోటా దూది నూగు. పిడుగురాళ్ళలో సున్నం. మార్టూరు, చీమకుర్తి వైపు గ్రానైటు కోసిన పొడి. దర్శి, కనిగిరి వైపు పోతే బోరునీళ్ళే కుళాయిల మీద తెల్లచారలు దించుతాయి. వీటన్నిటికీ అడుగున నల్లరేగడి ఉండనే ఉంది. ఇన్ని రకాలకూ టీవీలో చూపించే ఒకే సీసా చాలని మనల్ని ఒప్పించినవాడు మహా వ్యాపారి.

ముందు మిరప సంగతి చూద్దాం. మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదు. నూనెలో కరుగుతుంది, ఆల్కహాలులో కరుగుతుంది. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు మిరప ఘాటును కొలవాలనుకున్నప్పుడు ముందుగా ఆ పొడిని ఆల్కహాలులో నానబెట్టి సారం తీసి, ఆ తర్వాతే తీపి నీళ్ళలో పలచన చేసుకుంటూ పోయాడు. మనం మాత్రం ఆవకాయ కలిపిన చేతిని తిన్నగా కుళాయి కింద పెడతాం. చెంచాడు వంటనూనె తీసుకుని వేళ్ళ సందుల్లో, గోళ్ళ చివర్లలో బాగా పట్టించి, పాత గుడ్డతో తుడిచేసి, ఆపైన గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. ఇంకోసారి అదే పని చేస్తే మంట చాలావరకు పోతుంది. అయినా ఆ పూట కళ్ళ జోలికి పోవద్దు. కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవాళ్ళయితే మరీ జాగ్రత్త.

కారం ఆడించిన మిక్సీ జారులో వేడినీళ్ళు పోయకండి. ఆవిరితోపాటు ఘాటు లేచి ఇంటిల్లిపాదీ దగ్గుతారు. గుప్పెడు పొడి బియ్యం వేసి తిప్పితే బ్లేడు కింద చిక్కుకున్న కారం పిండితో కలిసి వచ్చేస్తుంది. ఆ పిండిని పారబోయక్కర్లేదు, మజ్జిగ పులుసులోకి చక్కగా పనికొస్తుంది. తర్వాత నూనె అద్దిన గుడ్డతో తుడిచి, చన్నీళ్ళూ సబ్బూ పెట్టి కడిగితే సరి. ప్లాస్టిక్ డబ్బాకు పట్టిన ఎరుపు సబ్బుకు లొంగదు. దానిక్కూడా ముందు నూనె రాసి, సబ్బుతో కడిగి, రెండు మూడు రోజులు ఎండలో పెట్టాలి. మిరప ఎరుపు వెలుతురు సోకితే వెలిసిపోతుంది. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు లేవడానికి ఆ రంగును కాపాడుకోవాలనే బెంగ కూడా ఒక కారణం. వ్యాపారికి నష్టం తెచ్చే ఎండే మన డబ్బాకు మందు.

నేలమీద కారం ఒలికితే చీపురు పట్టొద్దు. పట్టారో, కిందున్నది కాస్తా గాల్లోకి లేస్తుంది. తడిగుడ్డ పరిచి దగ్గరికి లాక్కోవాలి. కారులోనూ ఇదే పద్ధతి. ఊరి నుంచి గోతాం మిరపకాయలు డిక్కీలో వేసుకొచ్చిన కారు నెల తిరిగినా ఏసీ వేయగానే తుమ్మిస్తుంది. మ్యాట్లను కారులోనే దులపకుండా బయటికి తీసి, గాలివాలు చూసుకుని దులపండి. డిక్కీలోని కార్పెట్ కూడా ఎత్తితే దాని కింద గింజలు కనబడతాయి. వాక్యూమ్ క్లీనర్ పెడితే అది వెనకనుంచి సన్నదుమ్ము వదులుతుంది కాబట్టి తలుపులన్నీ తీసి పెట్టాలి. ఆ తర్వాత సబ్బునీళ్ళలో పిండిన గుడ్డతో సీట్లు తుడవాలి.

ఇంకా తుమ్ములు ఆగకపోతే దోషం క్యాబిన్ ఫిల్టర్‌ది. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు కింద కాగితాలు పెట్టుకునే అర వెనకే ఉంటుంది. బయటికి లాగి ఒకసారి చూడండి. తెల్లగా ఉండాల్సిన మడతల్లో బూడిదరంగు దూది, ఎండుటాకు ముక్కలు, మధ్యమధ్య ఎర్రటి పొట్టు కనబడతాయి. మనం పీల్చే గాలి దానిలోంచి వస్తున్నదే. కాగితపు ఫిల్టర్‌ను కడగకూడదు, మార్చేయాలి. ఇంట్లో ఏసీ జాలీని మాత్రం సీజన్లో పదిహేను రోజులకోసారి కుళాయి కింద పెట్టి, ఆరనిచ్చి బిగించుకోవచ్చు. సీలింగ్ ఫ్యాను రెక్కకు పాత దిండు గలీబు తొడిగి వెనక్కి లాగితే నూగంతా గలీబులోనే పడుతుంది, మంచం మీద రాలదు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. కల్లాల్లోనూ యార్డుల్లోనూ తొడిమలు తీసే ఆడవాళ్ళు మూతికి కొంగు చుట్టుకుంటారు. అనుభవం నేర్పిన జాగ్రత్త అది. మన కారు తుడవడానికి వచ్చే కుర్రాడికి మాత్రం ఆ పాటి గుడ్డ ఇవ్వాలని మనకు తోచదు. మాస్కు ఖరీదు ఒక టీ ఖరీదు కూడా ఉండదు.

ఇక రేగడి. ఈ మట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుంటుంది. పొలం నుంచి వచ్చిన కారును పొడిగుడ్డతో తుడవడమంటే పెయింటు మీద గరుకు కాగితం రుద్దడమే. ముందు ధారాళంగా నీళ్ళు కొట్టి పది నిమిషాలు నాననివ్వండి. చక్రాల పైన గూళ్ళలో ముద్దలు పేరుకుంటాయి, పైపు పెట్టి వాటిని ముందే రాల్చేయండి. అప్పుడు గుడ్డ తీసుకుని పైనుంచి కిందికి రావాలి. సబ్బునీళ్ళకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకొకటి ఉంచుకోవాలి. ఒకే బకెట్ అయితే తీసిన ఇసుకనే మళ్ళీ పూసినట్టు అవుతుంది. ఎండలో కడగొద్దు. బోరునీళ్ళు అద్దం మీద ఆరిపోతే మచ్చలు నిలబడతాయి, వెంటనే మెత్తటి పొడిగుడ్డతో అద్దాలి. బట్టలకు అంటిన రేగడికి పద్ధతి తిరగబడుతుంది. తడిగా ఉన్నప్పుడు రుద్దితే దారాల్లోకి దిగుతుంది. పూర్తిగా ఎండనిచ్చి, బ్రష్‌తో రాల్చి, ఆ తర్వాతే చన్నీళ్ళలో నానబెట్టాలి.

పిడుగురాళ్ళ బట్టీల పక్కన ఆగిన కారు మీద తెల్లపొడి కనబడితే తడిగుడ్డ వేయకండి. కొద్దిపాటి నీళ్ళతో సున్నం ఘాటైన ముద్దవుతుంది, అది పెయింటుకూ చర్మానికీ చేటు. ముందు బోలెడు నీళ్ళు పోసి దిగ్గొట్టాలి. మిగిలిన మరకలకు నీళ్ళు కలిపిన వెనిగర్ వాడి, మళ్ళీ నీళ్ళతో కడిగేయాలి.

కుళాయిల మీద బోరునీళ్ళ తెల్లచారలకూ పులుపే విరుగుడు. వెనిగర్లో ముంచిన గుడ్డ కుళాయికి చుట్టి అరగంట ఉంచినా చాలు, పిండేసిన నిమ్మడిప్ప రుద్దినా చాలు. ఆ పులుపు నేలమీద పడితే మాత్రం చిక్కే. పల్నాడు, గుంటూరు పాత ఇళ్ళలో పరిచిన మాచర్ల బండలు సున్నపురాయి. ఆమ్లం పడ్డచోట రాయి కరిగి, నునుపు పోయి, గరుకుగా తేలుతుంది. ఆ గరుకులో మురికి మరింత పడుతుంది, అప్పుడు ఇంకాస్త యాసిడ్ పోస్తాం. బండలు పాడైపోయాయని చెప్పి టైల్స్ వేయించుకున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. బండల్లో తప్పేం లేదు, సీసాదే తప్పు. మీది ఏ రాయో తెలియకపోతే బీరువా కింద కనబడని మూల ఒక్క నిమ్మచుక్క వేసి చూడండి. సన్నటి బుడగలు లేచాయంటే యాసిడ్, నిమ్మకాయ, వెనిగర్ ఏదీ దాని దరికి రానివ్వొద్దు. మార్బుల్‌కూ ఇదే లెక్క. చీమకుర్తి నల్లరాయి పరిచిన వంటగట్టుకు నిమ్మరసం వల్ల భయం లేదు.

బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకేచోట ఎప్పుడూ పోయొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలిన వాయువు ఇదే. కిటికీ మూసి ఉన్న స్నానాలగదిలో పనిమనిషి చేతికి ఆ రెండు సీసాలూ ఇచ్చి, ‘తెల్లగా రావాలి’ అని హాల్లోంచి కేకేసే ఇళ్ళు మన వీధుల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆమెకు రబ్బరు చేతితొడుగులివ్వండి, కిటికీ తెరవండి, రెండిట్లో ఒక సీసాను ఇంట్లోంచే తీసేయండి.

చివరిగా డిక్కీ గురించి. పత్తికీ మిరపకూ కొట్టే మందు డబ్బాలు ఇవాళ కారులోనే పొలానికి పోతున్నాయి. అదే డిక్కీలో వచ్చేటప్పుడు కూరగాయలు, పిల్లల బ్యాగులు. మందు ఒలికితే వెంటనే నీళ్ళు పోయకూడదు. పొడిమట్టిగానీ రంపపుపొట్టుగానీ చల్లి పీల్చనిచ్చి, చేతితొడుగులతో ఎత్తేశాకే సబ్బుతో కడగాలి. పిచికారీ చేసినప్పటి బట్టలు ఇంటిబట్టలతో కలపకుండా విడిగా ఉతికి ఎండలో ఆరేయాలి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు స్ప్రేయర్ ట్యాంకులోనే పోసేసి, డబ్బాకు చిల్లులు పొడవాలి. గట్టి డబ్బా కదా అని దాచుకోవద్దు. మందు వంటలోకి చేరితే ఏమవుతుందో చూశాం: 2013 జులైలో బిహార్‌లోని గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వండిన నూనెలో, అప్పట్లో పత్తికి కొట్టే మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షల్లో తేలింది.

ఈ ఆదివారం కారు అద్దాలు మెరవకపోయినా ఫర్వాలేదు. ముందు డిక్కీ తెరిచి చూడండి, అందులో మందు డబ్బా ఉంటే తీసేయండి.