తలుపు మనదీ, తాళంచెవి వాళ్ళదీ!

ఎవరేమనుకున్నా సరే, నేనీ మాట అనే తీరుతాను. వెబ్‌సైట్ల గుమ్మంలో ‘గూగుల్‌తో రండి’, ‘ఫేస్‌బుక్‌తో రండి’, ‘ఆపిల్‌తో రండి’ అంటూ వరసగా నిలబడే ఆ బటన్లు కేవలం మన సుఖం కోరి పెట్టినవంటే నేను నమ్మను. పనిచేసినన్నాళ్ళూ పెళ్ళివారి మర్యాదలే! పనిచెయ్యని రోజున మాత్రం ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి’ అని ఒక్క ముక్క మన మొహాన పడేసి తలుపేసుకుంటారు. ఎవరి పొరపాటు? ఎక్కడ జరిగింది? ఎన్నిసార్లు ప్రయత్నించాలి? చెప్పరు. ఇంట్లోవాళ్ళు మాత్రం క్షణంలో తేల్చేస్తారు: “నువ్వేదో నొక్కేసి వుంటావ్!”

ఈ అభాండం మీదే నా కోపమంతా.

అసలా బటన్ చేసే పనేమిటో చూడండి. మీరొక చీరల దుకాణానికి వెళ్ళారనుకోండి. దుకాణంవాడు మిమ్మల్ని ఎరగడు. “పక్కవీధి పెద్దమనిషి మిమ్మల్ని ఎరుగుదునంటే నాకు చాలునమ్మా” అని అక్కడికి పంపిస్తాడు. ఆ పెద్దమనిషి మిమ్మల్ని ఎగాదిగా చూసి, ఒక చీటీ రాసిచ్చి తిప్పి పంపుతాడు. ఆ చీటీ చూసి వీడు లోపలికి రానిస్తాడు. ఇంతే సంగతులు. 2008లో ఫేస్‌బుక్ ‘కనెక్ట్’ అనే పేరుతో ఈ చీటీల వ్యవహారం మొదలుపెట్టింది. 2019లో ఆపిల్ కూడా తన బటన్‌తో దిగింది. ఇందులో మంచి లేదని నేననను. మీ పాస్‌వర్డు దుకాణంవాడి చేతిలో పడదు. అది మంచే. కాని ముగ్గురి మధ్య నడిచే వ్యవహారంలో మిగతా ఇద్దరికీ ఎక్కడ చెడినా, వీధిలో నిలబడేది మనమే కదా!

ఎలా చెడుతుందంటారా? ఒకటి: చీటీ ఏ చిరునామాకి తిప్పి పంపాలో వెబ్‌సైటువాళ్ళు గూగుల్ దగ్గర ముందుగా రాయించుకోవాలి. అందులో ఒక్క గీత తేడా వచ్చినా గూగుల్ ‘ఎర్రర్ 400, రీడైరెక్ట్ యూఆర్ఐ మిస్‌మ్యాచ్’ అంటుంది. ఆ గీత దిద్దవలసింది వెబ్‌సైటువాడు. మనం వందసార్లు నొక్కినా, ఫోను ఆపి మళ్ళీ వేసినా, దేవుడికి దణ్ణం పెట్టుకున్నా అది కదలదు.

రెండు: ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో కనిపించిన చీర మీద వేలు పెడతాం. ఆ దుకాణం ఆ యాప్ కడుపులోనే తెరుచుకుంటుంది. అలా మరో యాప్ లోపల తెరిచిన పేజీల్లో గూగుల్ లాగిన్ ఒప్పుకోదు; ‘ఎర్రర్ 403’ అంటుంది. పైనున్న మూడు చుక్కలు నొక్కి, బయట క్రోమ్‌లో తెరిస్తే ఎక్కువసార్లు సరిపోతుంది. ఈ ఒక్క ముక్క తెలుగులో అక్కడే రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

మూడు: ఆపిల్ బటన్‌లో ‘నా ఈమెయిల్ దాచు’ అనే సదుపాయం వుంది. అది ఎంచుకుంటే దుకాణంవాడికి మారుపేరు చిరునామా వెళుతుంది. ఆర్నెల్లు పోయాక గూగుల్ బటన్ నొక్కామా, వాడి లెక్కలో మనం వేరే మనిషి! పాత ఆర్డర్లు లేవు, రావలసిన డబ్బు లేదు. పోయినవి ఎక్కడికీ పోలేదు, మొదటి బటన్ వెనకాలే వున్నాయి. కాని క్రితంసారి ఏ బటన్‌తో వచ్చామో గుర్తుచేసే మర్యాద ఎంతమందికి వుంది?

ఇక ఆ పెద్దమనిషికే జబ్బు చేస్తే? 2020 డిసెంబరు 14న గూగుల్ లాగిన్ ముప్పావు గంటసేపు మూలపడింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు కనబడకుండా పోయింది. దాని చీటీతో నడిచే గుమ్మాలకీ తిప్పలు తప్పలేదు. 2018 సెప్టెంబరులో అయితే దాదాపు మూడు కోట్ల ఫేస్‌బుక్ అకౌంట్ల చీటీలే దొంగలపాలయ్యాయి. ఇవన్నీ మనం ‘ఏదో నొక్కేస్తే’ జరిగాయా?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది మరొకటుంది. చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళ అకౌంటు వాళ్ళ పేరున వుండదు. “నీకెందుకులే, నాదానితో తెరిచేస్తాను” అని కొడుకో, ఆయనో తెరుస్తారు. నాకు తెలిసిన ఒకావిడ ఒక వెబ్‌సైటు ద్వారా పిల్లలకి సంగీతం చెప్పుకుంటుంది. లాగిన్ భర్తగారి ఆఫీసు ఈమెయిల్‌తో. ఆయన రిటైరయ్యారు, ఆఫీసువాళ్ళు ఆ మెయిల్ మూసేశారు. దాంతో ఆవిడ గుమ్మమూ మూతపడింది! పిల్లల పేర్లు, పాఠాలు, రావలసిన ఫీజులు అన్నీ లోపల, ఆవిడ బయట. వెబ్‌సైటువాణ్ణి అడిగితే మెయిల్ ఇచ్చినవాళ్ళనడగమన్నాడు. వాళ్ళు ఆఫీసునడగమన్నారు. ఆఫీసువాళ్ళు “ఆవిడెవరు?” అన్నారు. రిటైరైంది ఆయన, ఉద్యోగం పోయింది ఆవిడకి! చూశారా న్యాయం?

“మరి పాతిక పాస్‌వర్డులు ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ?” అని మీరనొచ్చు. నిజమే. బటన్లు పీకెయ్యమని నేననడం లేదు. ఇంటికి వీధి తలుపుతో పాటు పెరటి తలుపూ వుండాలంటున్నాను. ఫోన్ నంబరూ ఓటీపీ అనో, సొంత ఈమెయిల్ అనో రెండో దారి ప్రతి వెబ్‌సైటూ పెట్టి తీరాలి. క్రితంసారి ఏ బటన్‌తో వచ్చామో చెప్పాలి. తప్పు తమదైతే తమదని ఒప్పుకోవాలి. మన వ్యాపారం కావలసినప్పుడు మన భాషలో పిలవగలిగినవాళ్ళు, తలుపు రానప్పుడు మన భాషలో సమాధానం చెప్పలేరా?

వాళ్ళు మారేదాకా మనం చెయ్యగలిగింది వుంది. తలుపు తెరిచి వున్నప్పుడే సెట్టింగుల్లోకి వెళ్ళి మీ నంబరు, మీ ఈమెయిల్ చేర్చుకోండి. పాల లెక్క రాసే పుస్తకంలోనే ఏ వెబ్‌సైటుకి ఏ బటనో రాసుకోండి. పాస్‌వర్డు మాత్రం రాయకండి. రెండేళ్ళు ముట్టుకోని అకౌంటుని తీసేస్తామని గూగుల్ 2023లోనే చెప్పింది కనుక, దాన్ని అప్పుడప్పుడూ తెరుస్తూ వుండండి. అన్నిటికన్నా ముందు అకౌంటు మీ పేరున తెరవండి. నగల పెట్టె తాళంచెవి బొడ్లో దోపుకున్న వంశం మనది. ఈ తాళంచెవి ఒక్కటీ ఊళ్ళోవాళ్ళ చేతికి ఎందుకివ్వాలి?

ఈసారి ఎవరైనా “నువ్వేదో నొక్కేసి వుంటావ్” అంటే, “అవును, నొక్కమని వాళ్ళు పెట్టిందే నొక్కాను. ఏం చెడిందో వాళ్ళని చెప్పమనండి” అనండి. నోరు మూతపడవలసింది మనది కాదు!