నాటినవి ఎన్ని? బతికినవి ఎన్ని?

మే నెల మధ్యాహ్నం. చేతిలో హాల్‌టికెట్‌తో ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో బస్సు కోసం నిలబడ్డారనుకోండి. రేకుల షెడ్డు, వేపచెట్టు రెండూ ఉంటే ఎక్కడికి పోతారు? ఎవరూ చెప్పక్కర్లేదు, కాళ్లు అవే చెట్టు కిందికి నడుస్తాయి. రేకు ఎండను ఆపుతుంది గానీ, తనూ కాలి ఆ సెగను మన నెత్తి మీదికే దించుతుంది. చెట్టు వేళ్లతో లాగిన నీటిని ఆకుల్లోంచి ఆవిరిగా వదులుతుంది. అందుకు కావలసిన వేడిని ఆకుల నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటుంది. ఇంట్లో కూలర్ చేసేదీ ఇదే పని, కాకపోతే దానికి కరెంటు బిల్లు వస్తుంది.

ఆదోని అంటే పత్తి మార్కెట్. ఆ పత్తికి పురుగు పడితే 5 శాతం వేపగింజల కషాయం కొట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. నత్రజని నేలలో నెమ్మదిగా విడుదల కావాలని 2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. వేపనూనెతో బూజుతెగుళ్లను అరికట్టే పద్ధతిపై ఒక అమెరికా కంపెనీ, ఆ దేశ వ్యవసాయ శాఖ కలిసి యూరప్‌లో పేటెంట్ తెచ్చుకుంటే, మనవాళ్లు పోరాడి 2000లో రద్దు చేయించారు. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది.

వానలు తప్పితే ఊళ్లకు ఊళ్లు మిరపకోతలకు గుంటూరు వైపు పోయే ప్రాంతం మనది. చెట్లు పెడితే వలస ఆగుతుందని నేను చెప్పను, అది అబద్ధం. గట్టు మీద నాలుగు చింతచెట్లున్న రైతుకు మాత్రం పంట పోయిన ఏడు కూడా ఎంతోకొంత చేతికొస్తుంది.

మరి మనమేం చేస్తున్నాం? మా కాలేజీలో ఏటా మొక్కలు నాటేవాళ్లం, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగేవాళ్లం. వేసవి సెలవుల్లో నీళ్లు పోసే దిక్కు లేదు. మరుసటి ఏడు అవే గుంతలు, మళ్లీ ఫొటో. ఆ ఫొటోల్లో నేనూ ఉన్నాను. నల్లరేగడి నెర్రెలు బారే ఈ ఎండల్లో మొక్కకు మొదటి రెండు మూడు వేసవులే గండం. చుట్టూ ముళ్లకంప, మొదట్లో చిల్లు పెట్టిన ఒక మట్టికుండ ఉంటే గట్టెక్కుతుంది.

ఉద్యోగం వెతుకుతున్న మీకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, వాటిని చూసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరూ ఉచితమే. ఆ చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద 10 మీటర్ల చదరం. అందులో మీ వీధి మొక్క కనపడదు. ఎవరో ఒకరు నడిచి చూడాల్సిందే. ఎమ్మిగనూరులో మీ మగ్గాల వీధో, ఆదోనిలో మీ కాలేజీ రోడ్డో పట్టుకోండి. ప్రతి మొక్క జాతి, ఎత్తు, ఫోన్‌లో జీపీఎస్ లొకేషన్, కంచె ఉందా లేదా అన్నది ఎక్సెల్‌లో ఎక్కించి మ్యాపు మీద పెట్టండి. జీఐఎస్ ఉద్యోగాలకు అడిగే పని ఇదే. ఇంజినీరింగ్ చదివినవాళ్లు యూపీఎస్సీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ కూడా రాయొచ్చు, చాలామందికి ఆ సంగతే తెలీదు.

వచ్చే జూన్‌లో అదే వీధి మళ్లీ నడవండి. 40లో 11 మిగిలితే 11 అనే రాయండి. మిగతావి ఎందుకు పోయాయో పక్క గడిలో రాయండి: మేకలా, నీళ్లా, కాలువ తవ్వకమా. ఇంటర్వ్యూలో కొనుక్కొచ్చిన ప్రాజెక్టు గురించి రెండో ప్రశ్నకే నోరు పెగలదు. ఈ లెక్క గురించి ఎన్ని అడిగినా మీరు చెప్పగలరు.